న్యూయార్క్‌లో ఆఫ్రికన్ ఉత్సవాలు: ఎవరు దేనికి వెళ్లాలి?

న్యూయార్క్ నగరంలో మే నెల నుంచి అక్టోబరు దాకా ఆఫ్రికన్ ఉత్సవాలకు కొదవ ఉండదు. న్యూజెర్సీలో స్థిరపడిన స్నేహితులు, వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన వారి అమ్మానాన్నలు, వీటిలో దేనికి వెళ్తే బాగుంటుందని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. ఎందుకంటే ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి వేర్వేరు రకాలు: పెద్ద నాట్యశాలలో టిక్కెట్టు కొని చూసే ప్రదర్శన ఒకటి, పార్కులో కొన్ని రోజుల పాటు సాగే సంత ఒకటి, ఒక సూఫీ గురువును స్మరిస్తూ సాగే ఊరేగింపు మరొకటి. ఏది గొప్పదని కాకుండా, మనం అక్కడ ఎవరిగా నిలబడతామని ముందుగా అడగాలి. టిక్కెట్టు కొన్న ప్రేక్షకులమా, సంతకు వచ్చిన మనుషులమా, ఇంకొకరి పండుగకు వచ్చిన అతిథులమా అన్నది తేలితే ఎంపిక చాలా వరకు తేలిపోతుంది.

ఇంకొక సంగతి కూడా మొదటే తెలుసుకోవడం మంచిది. ఈ నగరంలో ఆఫ్రికా మూలాలున్న సమాజాలు ప్రధానంగా మూడు. డచ్చివారి పాలనలో, 1620ల నాటి నుంచి బానిసలుగా తీసుకురాబడినవారి సంతతితో పాటు, ఆ తర్వాతి కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వలస వచ్చిన ఆఫ్రికన్ అమెరికన్లు మొదటివారు. హైతీ, జమైకా, ట్రినిడాడ్ వంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారు రెండవవారు. సెనెగల్, ఘానా, నైజీరియా, గినీ, లైబీరియా, గాంబియా, ఇథియోపియా వంటి దేశాల నుంచి నేరుగా, ముఖ్యంగా 1980ల తర్వాత ఎక్కువ సంఖ్యలో వచ్చినవారు మూడవవారు. మొదటి సమాజం జరిపే ఉత్సవంలో ఆఫ్రికా ఒక జ్ఞాపకంగా, తిరిగి సంపాదించుకున్న వారసత్వంగా కనిపిస్తుంది. మూడవ సమాజం జరిపే ఉత్సవంలో అది నిన్న మొన్న విడిచి వచ్చిన ఊరు. ఈ తేడాను గుర్తించకుండా వెళ్లినవారు, ఘానా పండుగ చూడబోయి కార్నివాల్‌లో తేలి, అది తాము అనుకున్నట్టు లేదని నిరాశపడటం నేను చూశాను.

డాన్స్ ఆఫ్రికా

బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో, అందరూ బామ్ అని పిలిచే ఆ సంస్థలో, ఏటా మెమోరియల్ డే వారాంతంలో, అంటే మే నెల చివరి సోమవారంతో ముగిసే సెలవు రోజుల్లో, డాన్స్ ఆఫ్రికా జరుగుతుంది. చక్ డేవిస్ అనే నర్తకుడు, నృత్య దర్శకుడు 1977లో దీనిని ప్రారంభించారు. అందరూ ఆయనను బాబా చక్ అని ఆప్యాయంగా పిలిచేవారు. ఆయన 2017లో కన్నుమూసే నాటికే నిర్వహణ బాధ్యత అబ్దెల్ సలామ్ చేతికి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికొక దేశాన్ని ఎంచుకుని ఆ దేశపు నృత్య సంప్రదాయాన్ని ముందుకు తెస్తున్నారు. 2019లో రువాండా, 2023లో ఘానా, 2024లో కామెరూన్, 2025లో మొజాంబిక్ ఆ వరుసలో వచ్చాయి. ఆఫ్రికా అంటే 54 దేశాలని పిల్లలకు పుస్తకంలో చూపించి చెప్పినదానికంటే, వరుసగా రెండేళ్లు ఇక్కడికి తీసుకువస్తే బాగా అర్థమవుతుంది. రువాండా నర్తకుల చేతుల కదలికకూ పశ్చిమాఫ్రికా నర్తకుల భుజాల, మోకాళ్ల కదలికకూ ఉన్న దూరం, కూచిపూడికీ పేరిణికీ ఉన్న దూరం కంటే ఎక్కువే.

ప్రదర్శన వెంటనే మొదలు కాదు. ముందు పెద్దల మండలి సభ్యులు తెల్లని దుస్తుల్లో ప్రవేశిస్తారు, పూర్వీకులకు తర్పణం విడుస్తారు, గడిచిన ఏడాదిలో దూరమైన వారిని తలచుకుంటారు. వేదిక మీది నుంచి "అగో!" అని పిలుపు వస్తుంది, సభ మొత్తం "అమే!" అని బదులిస్తుంది. ఘానాలోని అకాన్ భాషలో ఇంటి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావచ్చునా అని అడిగే మాట, రండి అని పలికే మాట అవి. హరిదాసు "శ్రీమద్రమారమణ గోవిందో" అన్నప్పుడు "హరి" అని గొంతు కలిపి పెరిగిన మనకు ఇందులో కొత్తేమీ ఉండదు. మొదటి పిలుపుకు మొహమాటపడినవారు కూడా మూడవ పిలుపుకు గట్టిగా పలుకుతారు. సంగీత సభల్లో కదలకుండా కూర్చోవడం మర్యాద అని నేర్చుకున్నవారు ఆ మర్యాదను ఇక్కడ కాసేపు పక్కన పెట్టాలి. ఇక్కడ మాట్లాడకుండా కూర్చుంటే నచ్చలేదని అర్థం.

ఈ ఉత్సవంలో ఎక్కువమంది గమనించని విశేషం ఒకటుంది. అతిథి దేశపు బృందంతో పాటు, బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్ ప్రాంతపు పిల్లలు శిక్షణ పొందే బామ్ రెస్టొరేషన్ యువ నృత్య బృందం కూడా ఏటా అదే వేదికపై ఆడుతుంది. అతిథి దేశపు అడుగులను నెలల తరబడి నేర్చుకుని, ఆ దేశపు నర్తకుల ఎదుటే ఆడే ఆ పిల్లలను చూడటం కోసమైనా, పన్నెండు పదమూడేళ్ల పిల్లలున్నవారు దీనికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. మన పిల్లలు కూడా అమెరికాలో ఉంటూ తాతల నాటి నాట్యం నేర్చుకుంటున్నవారే కదా. ఆ పిల్లల ముఖాల్లో కనిపించే తడబాటూ గర్వమూ వారికి వెంటనే తెలుస్తాయి.

లోపలి ప్రదర్శనకు టిక్కెట్టు ఉంటుంది, ముందుగానే కొనుక్కోవాలి. అయితే భవనం చుట్టూ వీధుల్లో శనివారం నుంచి సోమవారం దాకా ఏర్పడే బజారుకు టిక్కెట్టు లేదు. వందకు పైగా దుకాణాలు వెలుస్తాయి. టిక్కెట్టుకు డబ్బు పెట్టలేనివారు బజారు చూసి వెళ్లిపోయినా ఆ రోజు వృథా కాదు, కానీ బజారును చూసి డాన్స్ ఆఫ్రికాను చూశామని అనుకోవడం మాత్రం సరికాదు.

పార్కులో జరిగే పండుగ

డాన్స్ ఆఫ్రికాతో ఎక్కువగా పోల్చేది ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ ఆర్ట్స్ ఫెస్టివల్. ఇది జులై 4 సెలవు రోజులకు అటూ ఇటూగా బ్రూక్లిన్‌లో జరుగుతుంది, చాలా ఏళ్లుగా కమొడోర్ బ్యారీ పార్క్ దీనికి వేదిక. రెండూ బ్రూక్లిన్‌లోనే, రెండింటిలోనూ డప్పుల మోత, బట్టల దుకాణాలు, తిండి. అయినా పుట్టుకలో వీటికి పొత్తు లేదు. ఒకటి ఒక పెద్ద కళాసంస్థ నీడలో పెరిగితే, మరొకటి ఒక వీధి బడి ముందు పుట్టింది. 1970ల తొలినాళ్లలో బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్‌లో ది ఈస్ట్ అనే సాంస్కృతిక కేంద్రం నల్లజాతి పిల్లల కోసం ఉహురు ససా అనే బడిని నడిపేది. స్వాహిలీలో ఆ మాటకు ఇప్పుడే స్వాతంత్ర్యం అని అర్థం. ఆ బడికి నిధులు సమకూర్చడానికి 1971లో వీధిలో జరిపిన వేడుకే పెరిగి పెద్దదై ఈ ఉత్సవంగా మారింది.

ఆ పుట్టుక ఇప్పటికీ కనిపిస్తుంది. ప్రవేశం దగ్గర నిర్ణీత రుసుము కాకుండా, ఇంత ఇస్తే బాగుంటుందని సూచించే విరాళం అడుగుతారు. దాన్ని ఇవ్వకుండా లోపలికి వెళ్లడం మనకు తగదు. వేదిక మీద ఎవరు పాడుతున్నారన్నదాని కంటే, చెట్టు కింద కుర్చీలు వేసుకుని కూర్చున్న మూడు తరాల కుటుంబాలే ఇక్కడ అసలు దృశ్యం. ముప్పై నలభై ఏళ్లుగా ఒకే చోట కలుసుకుంటున్నవారిని ఇక్కడ చూడవచ్చు. అందుకే రెండు మూడేళ్ల పిల్లలున్నవారికి, చీకటి హాలులో రెండు గంటలు కూర్చోలేని పెద్దలకు నేను దీనినే సూచిస్తాను. పిల్లవాడు ఏడిస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. పెద్దవారు అలసిపోతే గడ్డి మీద దుప్పటి పరుచుకుని పడుకోవచ్చు. నృత్యమే ప్రధానమనుకునేవారికి మాత్రం డాన్స్ ఆఫ్రికా స్థాయి ఇక్కడ ప్రతి గంటా దొరకదు. జులై ఎండ గట్టిగా ఉంటుంది, రైలు దిగి కొంత నడవాలి కూడా, కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లడం మేలు.

బట్టలు కొనదలచినవారికి కూడా నా సలహా ఈ పార్కే. కొన్ని మాటలు తెలిసి ఉంటే మోసపోరు. ముదురు రంగుల పూలు, పక్షులు, బొమ్మలతో మెరిసే వాక్స్ ప్రింట్ నూలు గుడ్డ జావా బాటిక్‌ను అనుకరించి డచ్చివారు తయారుచేసి పశ్చిమాఫ్రికాకు అమ్మిన సరుకు. దానిని ఆఫ్రికన్ స్త్రీలు తమదిగా చేసుకున్నారు. ఘానా కెంటె అలా అచ్చు వేసింది కాదు, బెత్తెడు వెడల్పు పట్టీలుగా మగ్గం మీద నేసి ఒకదానికొకటి కుట్టినది. వెనక్కి తిప్పి చూస్తే కుట్లు కనిపిస్తాయి. కుట్లు లేకుండా కెంటె నమూనా మాత్రమే ఉంటే అది అచ్చు గుడ్డ, ధర కూడా ఆ ప్రకారమే ఉండాలి. పోచంపల్లి చీరను తిప్పి చూసి అసలుదో అచ్చుదో చెప్పగల మన అమ్మలకు ఇది క్షణంలో పట్టుబడుతుంది. మాలి దేశపు బొగొలాన్ గుడ్డను ఆకుల రసంతోనూ పులియబెట్టిన బురదతోనూ రంగు వేసి చేస్తారు. మన కలంకారీలో ఇనుముతో చేసే నల్లరంగు, కసిం కారం, గుర్తున్నవారికి, బురదలోని ఇనుము ఆకుల రసంతో కలిసి నల్లబడే ఆ పద్ధతి దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నైజీరియాలోని ఇగ్బో స్త్రీలు వేడుకలకు నడుముకు చుట్టుకునే ఖరీదైన గుడ్డను జార్జ్ అంటారు. మద్రాసులోని సెయింట్ జార్జ్ కోట పేరు మీద వచ్చిన పేరది. నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజలు తరతరాలుగా పుట్టుక నుంచి మరణం దాకా ప్రతి తంతులోనూ వాడే గళ్ల గుడ్డ కూడా మన వైపు నుంచి వెళ్లిందే. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో ఆ గుడ్డను నేసి పశ్చిమాఫ్రికాకు పంపిన ఊళ్లలో మన చీరాల ఒకటి. నైజీరియా స్త్రీ కట్టుకున్న గుడ్డను చూసి, అది ఎక్కడిదని ఆమెను అడగండి. ఆమె ఇండియా అని చెప్పినప్పుడు, మీరు చీరాల పేరు చెప్పండి.

సినిమా ఎవరికి

మాటలు అర్థం కావాలి, ఇవాళ్టి ఆఫ్రికా నగరాల్లో మనుషులు ఎలా బతుకుతున్నారో తెలియాలి అనుకునేవారికి డప్పూ నృత్యమూ ఎంత చూసినా ఆ కోరిక తీరదు. అలాంటివారు న్యూయార్క్ ఆఫ్రికన్ ఫిల్మ్ ఫెస్టివల్‌ను ఎంచుకోవాలి. సియెర్రా లియోన్‌లో పుట్టిన మాహెన్ బొనెట్టి దీని వ్యవస్థాపకురాలు. మొదటి ఉత్సవం 1993లో జరిగింది. సాధారణంగా మే నెలలో లింకన్ సెంటర్‌లో మొదలై, మెమోరియల్ డే వారాంతానికి బామ్‌కు చేరుతుంది. అందువల్ల ఒకే రోజు మధ్యాహ్నం బజారు, సాయంత్రం సినిమా చూసే వీలుంటుంది. వోలోఫ్, బంబారా, యోరుబా, అమ్హారిక్ భాషల సినిమాలను ఉపశీర్షికలతో చూడవచ్చు, దర్శకులు వచ్చినప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. చిన్నపిల్లలకు ఇది సరిపోదు. కాలేజీ వయసు పిల్లలకు, రిటైరైన తల్లిదండ్రులకు ఇది మిగతా అన్నింటికంటే ఎక్కువ మిగులుస్తుంది. చూసి వచ్చిన రాత్రి ఇంట్లో మాట్లాడుకోవడానికి విషయం ఉంటుంది.

హార్లెంలో అతిథిగా

మాన్‌హట్టన్ ఉత్తరాన హార్లెంలో, పశ్చిమ 116వ వీధిలో సెనెగల్ నుంచి వచ్చినవారు ఎక్కువగా స్థిరపడి, దుకాణాలు, భోజనశాలలు పెట్టుకున్న భాగాన్ని లిటిల్ సెనెగల్ అంటారు. అక్కడ ప్రతి రోజూ ఉత్సవమే అనడం అతిశయోక్తి అవుతుంది గాని, టిక్కెట్టూ తేదీ లేకుండా వెళ్లి ఒక సమాజాన్ని చూడగల చోటు నగరంలో ఇంతకు మించి నాకు కనిపించలేదు. అదే వీధిలో మాల్కం షబాజ్ హార్లెం మార్కెట్ ఉంది. 125వ వీధి కాలిబాటల మీద అమ్ముకునే ఆఫ్రికన్ వ్యాపారులను నగర పాలకులు 1994లో అక్కడి నుంచి లేపివేశాక, వారిలో పలువురికి ఈ మార్కెట్టు ఆశ్రయం ఇచ్చింది.

జులై 28న ఇక్కడ జరిగే షేక్ అమదు బంబా దినోత్సవం మిగతా ఉత్సవాలన్నింటికంటే భిన్నమైనది. బంబా సెనెగల్‌లో మురిద్ సూఫీ మార్గాన్ని నెలకొల్పిన గురువు. ఆయన పలుకుబడికి భయపడిన ఫ్రెంచి పాలకులు 1895లో గాబోన్‌కు ప్రవాసం పంపారు. 1927లో కన్నుమూసిన ఆయన సమాధి తూబా నగరంలో ఉంది. కష్టించి పనిచేయడాన్ని కూడా భక్తిగా బోధించిన ఈ మార్గానికి చెందినవారే న్యూయార్క్ వీధి వ్యాపారుల్లోనూ టాక్సీ నడిపేవారిలోనూ ఎందరో ఉన్నారు. ఆ రోజు వారు తెల్లని, నీలి, పసుపు రంగుల పొడవాటి వదులు అంగీలు, బూబూలు, ధరించి, గురువు రాసిన అరబ్బీ పద్యాలను గానం చేస్తూ ఆడం క్లేటన్ పవెల్ బులవార్డ్ వెంట నడుస్తారు. డప్పుల మోత, నాట్యం ఆశించి వెళ్లేవారికి ఇది తగదు. ఇది కాలిబాట మీద నిలబడి చూడవలసిన భక్తుల నడక. మన ఊళ్లలో ఉర్సుకు, పీర్ల పండుగకు వెళ్లి దూరం నుంచి దణ్ణం పెట్టుకున్నవారికి అక్కడ ఎలా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు: భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి, ముఖాల మీదికి ఫోను పెట్టి ఫొటోలు తీయకూడదు, ఎవరిదైనా తీయాలనుకుంటే అడిగి తీయాలి. ఆదరంగా పలకరిస్తే, చిన్న గ్లాసుల్లో చిక్కగా కాచి పోసే అత్తాయా టీ మీ చేతికి వచ్చే అవకాశం కూడా ఉంది.

మిగతా ఊరేగింపులు

లేబర్ డే నాడు, అంటే సెప్టెంబరు మొదటి సోమవారం, బ్రూక్లిన్ ఈస్టర్న్ పార్క్‌వే మీద సాగేది కరీబియన్ కార్నివాల్. లక్షల మంది వస్తారు, ఈకల కిరీటాలు, స్టీల్ డ్రమ్ములు చూసి తీరవలసినవే. కానీ తోపులాట తట్టుకోలేని పెద్దలను, తప్పిపోయే వయసు పిల్లలను అక్కడికి తీసుకువెళ్లవద్దు. సెప్టెంబరులోనే హార్లెంలో జరిగే ఆఫ్రికన్ అమెరికన్ డే పరేడ్ 1969 నుంచి ఉన్నది; బడి పిల్లల బ్యాండు మేళాలు నచ్చేవారికి అది బాగుంటుంది. 1960 అక్టోబరు 1న స్వతంత్రమైన నైజీరియా పేరుతో జరిగే పరేడ్ అక్టోబరు మొదట్లో మాన్‌హట్టన్ తూర్పు భాగంలో ఉంటుంది. పాటలకంటే నైజీరియన్ల అలంకరణే నాకు అక్కడ ముచ్చటగొలుపుతుంది. తలకు ఎత్తుగా చుట్టే గెలె చూడటానికైనా వెళ్లవచ్చు. సమయం తక్కువ ఉన్నవారు ఈ మూడింటినీ వదిలేసినా నష్టం లేదు.

శాకాహారుల కోసం

అమ్మానాన్నలను తీసుకువెళ్లేవారు నన్ను ఎక్కువగా అడిగేది తిండి గురించే. పశ్చిమాఫ్రికా వంటల్లో చేపలు, మాంసం, ఎండు రొయ్యల పొడి కలవనివి తక్కువ. ఎర్రగా టమాటాతో వండిన జొల్లోఫ్ అన్నం శాకాహారంలా కనిపించినా, కోడి మాంసపు నీళ్లతో వండి ఉండవచ్చు, అడగకుండా తినవద్దు. సెనెగల్ జాతీయ వంటకమైన చెబు జెన్ చేపలతో వండిన అన్నం. నమ్మకంగా తినగలిగినవి రెండు మూడు ఉన్నాయి. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి నూనెలో వేయించే అకరా అచ్చంగా మన అలసంద వడే. పిండిలో రొయ్యల పొడి వేశారా అని ఒక్కసారి అడిగితే చాలు. పండిన అరటికాయ ముక్కల వేపుడు ఎక్కడైనా దొరుకుతుంది. ఇథియోపియా దుకాణం కనిపిస్తే ఇక వెతుక్కోనక్కర్లేదు: టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి పోసిన ఇంజెరా అట్టు మీద ఎర్ర మసూరు పప్పుతో వండే మిసిర్, శనగపిండితో చేసే షిరో, ఆకుకూరలు వడ్డిస్తారు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, కాబట్టి "ఉపవాసపు పళ్లెం" అని అడిగితే అర్థం చేసుకుంటారు. మా అత్తగారు మొదట అనుమానంగా చూసి, తర్వాత రెండవసారి వడ్డించుకున్నారు.

ఒక్క రోజే ఉంటే

ఎడిసన్ వైపు నుంచి వచ్చేవారికి దారి సులువే. పెన్ స్టేషన్‌లో దిగి 2 లేదా 3 నంబరు రైలు ఎక్కితే, ఉత్తరం వైపు హార్లెం 116వ వీధి, దక్షిణం వైపు బామ్ పక్కనున్న అట్లాంటిక్ అవెన్యూ రెండూ ఆ దారిలోనే వస్తాయి. మే చివరలో ఒక్క రోజు మాత్రమే ఉన్నవారు శనివారం ఉదయం బజారుకు వెళ్లి, మధ్యాహ్నం డాన్స్ ఆఫ్రికా ప్రదర్శన చూడాలి. నేను ఎవరికైనా ఇదే మొదట చెప్తాను. జులైలో వచ్చినవారికి పార్కు. ఎవరి కోసమూ ప్రదర్శించని జీవితాన్ని చూడాలనుకునేవారికి ఏ నెలలోనైనా 116వ వీధి. ఏ ఉత్సవానికైనా ఆ ఏటి తేదీలు, చోటు ముందుగా నిర్వాహకుల ప్రకటనలో సరిచూసుకోవాలి, చిన్న దుకాణాల కోసం కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.

డిసెంబరు, జనవరిల్లో వచ్చేవారికి ఆరుబయటి ఉత్సవాలేవీ అందవు. వారు అదే రైలు దారిలో రెండు చోట్ల ఆగవచ్చు. దిగువ మాన్‌హట్టన్‌లో ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుండగా 1991లో బయటపడిన ఆఫ్రికన్ల శ్మశానం ఇప్పుడు జాతీయ స్మారకం. అక్కడ వెలికితీసిన 419 మంది అస్థికలను 2003లో తిరిగి అదే నేలలో ఉంచారు. ప్రవేశం ఉచితం. హార్లెం 135వ వీధిలో రైలు మెట్లెక్కగానే షోంబర్గ్ కేంద్రం కనిపిస్తుంది, నల్లజాతి చరిత్రకు అంకితమైన ఆ గ్రంథాలయంలో ఎప్పుడూ ఏదో ఒక ప్రదర్శన ఉంటుంది. 2013లో అక్కడ భారతదేశంలోని ఆఫ్రికన్ల చరిత్ర మీద ఒక ప్రదర్శన పెట్టారు. బానిసగా వచ్చి దక్కనును శాసించిన మాలిక్ అంబర్ వంటివారి కథ అది. నిజాం ఆఫ్రికన్ అశ్వదళం పేరు మీదనే హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. అక్కడి సిద్దీలు ఇప్పటికీ పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తారు. హైదరాబాదు పెళ్లి బరాత్‌లో ఆ దరువు విని పెరిగినవారు బామ్ బజారులో జెంబే డప్పు చుట్టూ మూగిన గుంపులోకి వెళ్లి నిలబడితే, వారి కాళ్లు వాటంతట అవే కదులుతాయి.